పూరా మనిషి

ముఖ్య అతిథి కారు ఇంకా నారాయణగూడ చౌరస్తా దాటలేదట, ఎవరిదో ర్యాలీ అడ్డం పడిందట. ఈ ఏడాది ర్యాలీ లేని సాయంత్రం ఎక్కడుంది గనక, రాష్ట్రం వచ్చేసినట్టేనని వీళ్ళూ, ఎలా ఇస్తారో చూస్తామని వాళ్ళూ, మధ్యలో కార్లు. ఆ కబురు మోసుకొచ్చిన వీరరాఘవరావు, ఈ చిక్కడపల్లి హాల్లో జరిగే సన్మానాల్లో సగానికి కార్యదర్శి, మిగతా సగానికి అధ్యక్షుడు, వేదిక మీద కూర్చున్న కాశీవిశ్వనాథం చెవి దగ్గరికి వంగి, "మాస్టారూ, ఇంకో గంట పట్టేట్టుంది, మీరు కాస్త గొంతు దాచుకోండి," అనేసి టీల సంగతి చూడ్డానికి వెళ్ళాడు. కాశీవిశ్వనాథం మాస్టారేమీ కాడు. కోనసీమ నుంచి వచ్చి కరెంటాఫీసులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా దిగిపోయిన మనిషి. మెడలో కండువా వేసుకుని మైకు ముందు నిలబడ్డ ప్రతివాణ్ణీ చిక్కడపల్లి మాస్టారనే పిలుస్తుంది, దానికాయనేం చేస్తాడు. ఇన్నేళ్ళూ దాచుకోకుండా ఖర్చు పెట్టేసిన గొంతు ఇవాళ గంటసేపు దాచుకుంటే మాత్రం ఏం మిగులుతుందిలే అనుకుంటూ, మంచినీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టేశాడు.

ఆయన పని పొగడటం. జీతమిచ్చే పని కాదు గానీ జీతమిచ్చే పనికన్నా శ్రద్ధగా చేశాడు. సన్మానం జరగాలంటే శాలువా ఎంత అవసరమో పొగిడే మనిషీ అంత అవసరం, ఆ పొగిడే మనిషి ఈ హాల్లో ఈయనే. పుట్టిన ఊరు, చదివిన చదువు, చేసిన కొలువు ఫోనులో చెబితే చాలు, తక్కినది ఆయన చూసుకుంటాడు. డాక్టరైతే హస్తవాసి, కవైతే కలంలో నిప్పు, ఆఫీసరైతే మనిషే నిప్పు, ఏమీ కాకపోతే నిరాడంబరుడు. ఎవరికైనా సరే చివర మాత్రం ఒకటే వాక్యం, అది ఆయన సొంత ఆస్తి. "నా జీవితంలో నేను అత్యంత అభిమానించే వ్యక్తి ఎవరని ఎవరైనా అడిగితే, క్షణం ఆలోచించకుండా ఈ పేరే చెబుతాను." అక్కడ రవ్వంత ఆగి, అటు తిరిగి నమస్కారం పెడితే చప్పట్లు వాటంతటవే వస్తాయి. ఆ వాక్యం వీరరాఘవరావుకి చెప్పాడు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పళ్ళ డాక్టరుకి చెప్పాడు, అపార్ట్‌మెంట్లు కట్టే ఆసామికి చెప్పాడు, ఆ ఆసామి బావమరిదికి కూడా చెప్పాడు. ఇదేమిటయ్యా ఇంతమందిని అత్యంతగా ఎలా అభిమానిస్తావని ఒక్కరూ అడగలేదు. ఎందుకడుగుతారు, పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడు ఇంకొంచెం వేసుకోండి అనడం ఎంత నిజమో ఇదీ అంతే నిజం, అబద్ధమని దాన్నెవరూ అనరు.

ఇవాళ చిక్కంతా అక్కడే వచ్చిపడింది. ముందు వరసలో, పూర్వ విద్యార్థినుల మధ్య, ఆహ్వాన పత్రికతో విసురుకుంటూ కూర్చుందే ప్రభావతిగారు, ఇవాళ శాలువా కప్పించుకోబోయే మనిషి, ఆవిడంటే కాశీవిశ్వనాథానికి నిజంగానే అభిమానం. అత్యంత అభిమానం. నారాయణగూడలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేసి ఎప్పుడో రిటైరైంది, నీలం అంచు నూలు చీర, తలంతా తెలుపు, ఎవరైనా కాళ్ళకి దండం పెట్టబోతే "నడుము పట్టుకుంటది బిడ్డా, లెవ్వు," అని చెయ్యి పట్టి లేపుతోంది. ఈ సభ పెట్టిస్తున్నది ఆవిడ దగ్గర చదువుకుని బ్యాంకులో పెద్దావిడైన ఉదయశ్రీ. వారం కిందట ఫోను చేసి, "సార్, మా టీచర్ గురించి మీరే మాట్లాడాలె. జర మంచిగ చెప్పుండ్రి," అంది. మంచిగా చెప్పడానికేం, నోరు తెరిస్తే వచ్చేది అదే. కానీ ఆ ఒక్క వాక్యం, ఇన్నేళ్ళూ అందరికీ పంచిపెట్టిన వాక్యం, ఇవాళ మొదటిసారి నిజం కాబోతోంది. నిజమైనదాన్ని ఎలా పలకాలో ఆయనకి తెలియడం లేదు. అదే చెబితే అరిగిపోయిన మాట, అది చెప్పకపోతే, ఊరందరికీ చెప్పి ఈవిడకే ఎగ్గొట్టాడేమిటని జనం అనుకుంటారు. జనం సంగతి పోనీ. ఆవిడ ఒక్కతి నమ్మాలి. ఆవిడ నమ్మకపోతే ఈ నోరు దేనికి పనికొచ్చినట్టు అని వారం రోజులుగా ఆయనకి తిండి సయించడం లేదు.

మైకు కుర్రాళ్ళు హలో హలో అంటున్నారు, ఆ హలోకి జవాబు చెప్పేవాళ్ళెవరూ లేరు. వెనక గదిలోంచి సమోసాల వాసన. బల్ల మీద సంచిలో కోఠి నుంచి తెచ్చిన శాలువాలు, ఆవిడకి మంచిది, మిగతావాళ్ళకి మామూలువి. మాట్లాడినవాళ్ళకీ ఒకటి కప్పుతారు గదా, అశోక్‌నగర్‌లో తన రెండు గదుల కిరాయి పోర్షన్‌లో బీరువా నిండా అవే, చలికాలం ఒకటి పరుచుకుని ఒకటి కప్పుకుంటాడు. మిగిలినవి ఏవో సభలకి తిరిగి ఇచ్చేస్తుంటాడు, అందరూ చేసే పనే, ఈ హాలు చుట్టూ శాలువాలు బస్సుల్లాగ తిరుగుతుంటాయి. ఒకసారి తను ఇచ్చేసిన శాలువా మూలన టీ మరకతో సహా మళ్ళీ తన భుజాల మీదికే వచ్చింది. నవ్వొచ్చింది. ఇంటికెళ్ళాక ఆ నవ్వు చెప్పడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి ఆగిపోయింది. పై అంతస్తంతా గ్రూప్స్‌కి చదివే పిల్లల హాస్టలు, పగలూ రాత్రీ మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఇంతమంది ఎక్కుతారు దిగుతారు, ఒక్క చప్పుడూ తన గుమ్మం దగ్గర ఆగదు. ఫోను మాత్రం మోగుతుంది. ఎలా ఉన్నారు మాస్టారూ అంటారు, ఆ తర్వాతి మాట వచ్చే ఆదివారం ఖాళీయేనా అని. బాగున్నానండీ, ఖాళీయేనండీ. ఈ రెండు మాటల్లో రెండోది నిజం. ఈ హాలు లేకపోతే సాయంత్రం ఆరింటికి ఎక్కడికెళ్ళాలో ఆయనకి తెలియదు. లైబ్రరీలో పేపర్లన్నీ పొద్దున్నే అయిపోతాయి.

మరి నిజంగా ఎవరిని అభిమానించావురా నువ్వు, అని గంట ఖాళీ దొరికింది కదా అని తనని తానే అడిగాడు. నాన్నని? నాన్న అనగానే లోపల ఎవరో గొంతు సవరించుకుని, పంచె కట్టులో తెలుగుదనం, మాట కట్టులో పెద్దరికం అని మొదలుపెట్టారు. నాన్న అలాంటివాడేనా, పేకాటలో పొద్దు తెలియని మనిషి, కాని ఆ మనిషి మొహం రావడం లేదు, కట్టే వస్తోంది. కరెంటాఫీసులో మొదటి ఆఫీసరు? నిప్పు. చిన్నప్పుడు ఈత నేర్పిన మేనమామ? ఆపద్బాంధవుడు. ఏ మనిషిని తలుచుకున్నా ముందు మాట వచ్చి కూర్చుంటోంది, మనిషి బయట గుమ్మం దగ్గరే నిలబడిపోతున్నాడు. ఇది రోగమా, అలవాటా. అలవాటు ముదిరితే రోగమేగా. భయమేసి ప్రభావతిగారి వైపు చూశాడు. ఆవిడ పక్కనున్నావిడ బిడ్డ జడని విప్పి మళ్ళీ అల్లుతోంది, జడ వంకరగా ఉందని కాబోలు. ఆవిడ విషయంలో మాత్రం ముందు ఏ మాటా రావడం లేదు, మనిషే కనబడుతోంది. అందుకే అభిమానమా? కాదు, దానికి ముందు కుసుమ ఉంది. కుసుమ సంగతి తలుచుకోకుండా ఈవిడ సంగతి తెమలదు.

భార్య కుసుమ పోయినప్పుడు సభ ఈ హాల్లోనే. పిల్లలు లేని ఇల్లు, పదకొండో రోజు తర్వాత చుట్టాలు బస్సులెక్కేశారు, వీరరాఘవరావు వచ్చి, మాస్టారూ మీ ఋణం మేము తీర్చుకోవాలి అని సంతాప సభ పెట్టించాడు. మంచివాడే. ఫొటోకి దండ, దీపం, అందరూ మాట్లాడాక మీరు కూడా రెండు మాటలు చెప్పండి అన్నారు. మైకు చేతికిచ్చారు. అంతే. అన్నపూర్ణ, అన్నాడు. సహనానికి మారుపేరు, అన్నాడు. నా విజయం వెనక నిశ్శబ్దంగా వెలిగిన దీపం, అన్నాడు. జనం ఏడ్చారు. అంత బాగా మాట్లాడిన సభ ఇంకోటి లేదని తర్వాత చాలామంది అన్నారు, ఆయనకీ, సిగ్గులేకుండా, ఆ రాత్రికి కాస్త తృప్తిగానే అనిపించింది. ఆ తర్వాతే మొదలైంది అసలు కష్టం. ఇంట్లో కూర్చుని ఆమెని తలుచుకుందామంటే ఆ ఉపన్యాసంలోని ఆడమనిషే వస్తోంది. పట్టుచీర కట్టుకుని, చిరునవ్వు నవ్వుతూ, దీపం పట్టుకుని, మాట్లాడకుండా. కుసుమ ఎప్పుడు దీపం పట్టుకుంది, ఎప్పుడు మాట్లాడకుండా ఉంది. మనిషి పోయింది సరే, అందరి మనుషులూ పోతారు, కాని తలుచుకోవడానికి ఏమీ మిగలకుండా ఆ మైకు ముందే ఆమెని తన నోటితో తుడిచేశాడు. ఇది ఎవరికి చెప్పుకుంటాడు. చెబితే, ఎంత బాగా చెప్పారు మాస్టారూ అంటారు.

తర్వాత కొన్నేళ్ళకి రాఘవేందర్ పోయాడు. ప్రభావతిగారి భర్త, నారాయణగూడలో వాచీల దుకాణం, ఈ సన్మానాలు పెట్టించే సమితికి కోశాధికారి, కుర్చీలు లెక్క తక్కువైతే తనే మోసుకొచ్చి వేసేవాడు. ఆయన సభలోనూ కాశీవిశ్వనాథమే. అజాతశత్రువు, శాంతమూర్తి, చివర ఆ వాక్యం, నమస్కారం. సంతాప సభ గనక చప్పట్లు లేవు, నిట్టూర్పులు వచ్చాయి. పోయినవాళ్ళ ఇంటి ఆడవాళ్ళు ఫొటో పక్కన కూర్చోవడమే గాని మాట్లాడే ఆనవాయితీ లేదు. ఆవిడ లేచింది. కళ్ళు తుడుచుకోలేదు, ఏడిస్తే గదా. మైకు దగ్గరికొచ్చి, అదెంత ఎత్తులో ఉందో చూసి, కిందికి వంచుకుంది. "అందరు మంచిగ చెప్పిన్రు. కని మీరు చెప్పినాయన ఎవరో నాకు తెల్వదు," అంది. "నా ఇంట్ల ఉన్నాయనకు కోపమెక్కువ. ఒకపారి పప్పు మాడిందని కంచం గోడకేసి కొట్టిండు. తెల్లారి లేచి ఆ మరక ఆయననే తుడిసిండు, నన్ను తుడవనియ్యలె. మా అక్క సచ్చిపోతే ఆమె బిడ్డను తెచ్చి సొంత బిడ్డ లెక్క పెంచిండు. ఆ బిడ్డ ముందటనే నన్ను మాటలన్నడు. గీ రెండు కలిపితేనే ఆయన. సగం మనిషిని సాగనంపకుండ్రి. పూరా మనిషిని పంపుండ్రి." అని వెళ్ళి ఫొటో పక్కన కూర్చుంది. కాశీవిశ్వనాథానికి ఆ క్షణాన రాఘవేందర్ కనబడ్డాడు. గోడ దగ్గర వంగి, తడిగుడ్డతో, ఎవరి వైపూ చూడకుండా మరక తుడుస్తున్న రాఘవేందర్. అన్నేళ్ళు పక్క పక్కన తిరిగినా కనబడనివాడు చచ్చాక కనబడ్డాడు. కుళ్ళొచ్చింది ఆవిడ మీద. ఆవిడ తన మనిషిని తను ఇంటికి తీసుకెళ్ళిపోయింది, పప్పు మరకతో సహా. ఈయనేమో కుసుమని ఇక్కడే పోగొట్టుకుని వెళ్ళాడు. ఆ కుళ్ళే మెల్లమెల్లగా ఇదిగో ఇలా అభిమానమై కూర్చుంది.

కిందనుంచి ఉదయశ్రీ చెయ్యి ఊపింది, కారు వచ్చిందట. ముఖ్య అతిథి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు, తను ర్యాలీలో ఎంతసేపు చిక్కుకున్నాడో దీపం వెలిగించే వరకూ చెప్పాడు. ఆవిణ్ణి తెచ్చి ఎర్ర మఖమలు కుర్చీలో కూర్చోబెట్టారు, పాదాలు నేలకి అందలేదు, ఆవిడ ముందుకు జరిగి అందేలా కూర్చుంది. కాశీవిశ్వనాథాన్ని పిలిచారు. లేచాడు. మైకు చూడగానే నోరు దానంతటదే నడిచింది, పగ్గం వదిలితే ఇంటికి పోయే ఎద్దులాగ, విద్యాదానం మహాదానం, ఎందరో బాలికల జీవితాల్లో వెలుగు, నిరాడంబరత, అన్నీ వరసగా వచ్చేశాయి, ఆయన లోపల నిలబడి వద్దురా వద్దురా అంటూనే ఉన్నాడు. ఆ వాక్యం కూడా వచ్చేసింది. క్షణం ఆలోచించకుండా ఈ పేరే చెబుతాను. రవ్వంత ఆగాడు. తిరిగి నమస్కారం పెట్టాడు. చప్పట్లు. ఆవిడ కూడా మర్యాదగా నమస్కారం పెట్టింది, కిరాణా కొట్టువాడు పొట్లం ఇస్తే అందుకున్నట్టు. నమ్మలేదు. ఆ మొహంలో కోపం లేదు, ఏమీ లేదు, తెలిసిన పాఠం మళ్ళీ వింటున్న టీచరు మొహం. ఇక కూర్చోవాలి, కూర్చుంటే ఈ సాయంత్రం అన్ని సాయంత్రాల్లాగ అయిపోతుంది.

కూర్చోలేదు. "ఆగండి," అన్నాడు మైకులో. "ఈ మాట నేను ఈ హాల్లో చాలామందికి చెప్పాను. ఇక్కడున్న వీరరాఘవరావుగారికీ చెప్పాను. వాళ్ళెవరి విషయంలోనూ అది నిజం కాదు. ఊరికే అన్నాను. ఈ ఒక్కరి విషయంలోనే నిజం." అన్నాక ఇంకేమన్నా అనాలని చూశాడు, లోపల ఏమీ లేదు. ఈసారి చప్పట్లు లేవు. రెండో వరసలో పళ్ళ డాక్టరు తన భార్య వైపు చూశాడు. వీరరాఘవరావు మొహం నవ్వుతున్నట్టే ఉండిపోయింది, ఎలా తీసేయాలో తెలియనట్టు, తర్వాత లేచి, సమయాభావం వల్ల అంటూ శాలువా కార్యక్రమం ప్రకటించాడు. ఈ వక్తకి కప్పాల్సిన శాలువా సంచిలోనే ఉండిపోయింది. ఈ హాలు నుంచి ఇక ఫోను రాదని కాశీవిశ్వనాథానికి అక్కడే, ఆ కుర్చీలోనే అర్థమైంది. రాకపోతే రాకపోనీ, చెప్పాల్సింది చెప్పాను, ఆవిడలాగే చెప్పాను అనుకుని నిటారుగా కూర్చున్నాడు.

సభ అయ్యాక బయట మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆవిడ కోసమే, వేరే ఎవరూ తనతో మాట్లాడరని అప్పటికే తేలిపోయింది. ఉదయశ్రీ దండలూ శాలువాలూ పట్టుకుని ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళింది. ఆవిడ ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి ఆయన ముందు ఆగింది.

"సార్, ఒక మాట అంట. ఏమనుకోకుండ్రి."

"చెప్పండమ్మా."

"మీరు నిజంగనే అన్నరని నాకు సమజైంది. సంతోషం. కని రావుగారిని ఎందుకు చిన్నబుచ్చిన్రు? ఆయన మొఖం చూసిన్రా?"

"నిజం చెప్పాలనుకున్నానమ్మా. ఆ రోజు మీరు చెప్పినట్టుగా."

"నేను చెప్పినట్టా?" ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నేను నా ఇంటి సంగతి చెప్పిన సార్. ఆ కంచం నా ముందట పగిలింది, నేను చెప్పొచ్చు. మీరు బయటి మంది సంగతి చెప్పిన్రు. మంది మీద నిజం ఎవరన్న చెప్తరు, అండ్ల ఏమున్నది?" కళ్ళజోడు పెట్టుకుని ఆయన్ని పరీక్షగా చూసింది. "చెప్పాలెననిపిస్తే మీ ఇంటామె గురించి చెప్పుకోండ్రి. ఆమె సభకు నేను గూడ వచ్చిన, మా ఆయనతోని. మీరు మస్తు మాట్లాడిన్రు. అండ్ల ఆమె నాకు యాడ కనవడలె."

ఆటో వచ్చింది. "జాగ్రత్తగ పోండ్రి, చీకటైంది," అని ఎక్కి కూర్చుంది.

అశోక్‌నగర్ వైపు నడిచాడు. ముందు కోపమొచ్చింది, ఈవిడ కోసం ఉన్న నాలుగు పరిచయాలూ పోగొట్టుకుంటే ఈవిడకింత పొగరా అని. లైబ్రరీ దాకా ఆ కోపం తోడొచ్చింది, అక్కడ టీ బండి దగ్గర ర్యాంకుల గురించి అరుచుకుంటున్న పిల్లల్ని తప్పుకుంటూ నడిచే సందట్లో ఎక్కడో జారిపోయింది. కుసుమ పోయాక తనది తప్పని మొహం మీద చెప్పిన మనిషి ఈవిడే. ఇన్నేళ్ళలో ఎంతమంది బాగా చెప్పారు మాస్టారూ అన్నారు, ఒక్కరైనా, ఇదేం పని సార్ అన్నారా. ఆవిడ మీద అభిమానం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది, దాన్ని చెప్పుకునే వేదిక మాత్రం లేకుండా పోయింది. సరే, మీ ఇంటామె గురించి చెప్పుకోండ్రి అంది. చెప్పుకుందాం. కుసుమ సహనానికి... కాదు. కుసుమ అన్నపూర్ణ... కాదు, వంకాయ కూర ఒక్కటే బాగా చేసేది, తక్కినవన్నీ అంతంతమాత్రం. ఆ మాట అనుకోగానే అడుగు ఆగింది. మళ్ళీ నడిచాడు. కుసుమకి... కుసుమకి నా ఉపన్యాసాలంటే ఒళ్ళుమంట. ఇంట్లో అద్దం ముందు నిలబడి నేను గొంతు ఎత్తగానే వంటింట్లో మిక్సీ వేసేది. అందులో ఏమీ వేయకుండానే వేసేది. అవును, ఉత్త మిక్సీ, గిర్రుమని, నేను ఆపితే ఆపేది, మొదలెడితే మొదలెట్టేది.

ఇంటి సందు మొదట్లో ఆ తర్వాతది గుర్తొచ్చింది, ఇన్నేళ్ళూ ఆ దీపం పట్టుకున్న ఆడమనిషి అడ్డం నిలబడి కనబడనివ్వనిది. ఒకరోజు తను వెళ్ళి ప్లగ్గు పీకి, మిక్సీ గిన్నె తీసి నేలకేసి కొట్టాడు. ఎవరి సన్మానానికో సాధన చేస్తున్నాడప్పుడు, పేరు కూడా గుర్తులేదు. కుసుమ బెదరలేదు, ఏడవలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, తడి చెయ్యి, చీర మీద అయిదు వేళ్ళ తడీ అంటుకుంటుంటే, "ఊళ్ళో వాళ్ళందరికీ ఇన్ని మాటలున్నాయి గదా మీ దగ్గర, నాతో మాట్లాడ్డానికి ఒక్కటీ లేదేం?" అంది. గొంతు అచ్చంగా అదే, కొంచెం ముక్కుతో మాట్లాడే గొంతు. అప్పుడు తను కండువా సర్దుకుని ఆటో ఎక్కి ఆ హాలుకే వెళ్ళాడు. కాశీవిశ్వనాథం తాళం తీశాడు. పైన హాస్టలు పిల్లలెవరో మెట్లు దిగి ఆయన పక్కనుంచి వెళ్ళిపోయారు. చీకట్లో గుమ్మం లోపల నిలబడి, "కుసుమా," అన్నాడు. అలవాటైన మాటలన్నీ వచ్చాయి, వచ్చినవాటిని ఒక్కొక్కటే పక్కన పెడుతూ, చెప్పులైనా విప్పకుండా, ఆమెతో చెప్పగలిగిన ఒక్క మాట కోసం అక్కడే నిలబడ్డాడు.